పాత్ర వాళ్లది, గీత మీది: ఫ్యాన్ ఆర్ట్ టేబుల్ మీద పాఠకుల ప్రశ్నలు

హైదరాబాద్ హైటెక్స్ ప్రదర్శనశాలలో కామిక్ కాన్ లాంటి కామిక్స్ అభిమానుల సంతలు జరిగినప్పుడు ఒక పక్కన చిన్న చిన్న టేబుళ్లు వేసుకుని బొమ్మలు గీసేవాళ్లు వరుసగా కూర్చుంటారు. ఆ వరుసనే ఆర్టిస్ట్ ఆలీ అంటారు. నచ్చిన యానిమే (జపాన్ యానిమేషన్) పాత్రలను తమ చేత్తో గీసి ప్రింట్లు, స్టిక్కర్లు, బ్యాడ్జీలుగా అమ్ముతారు. టోక్యోలో 1975 డిసెంబరులో 32 బృందాలతో, సుమారు 700 మందితో మొదలైన కామిక్ మార్కెట్ ఈ సంతలన్నిటికీ పెద్దక్క. నల్లగొండ, పాలమూరు వైపు నుంచి ఆ వరుసలో కూర్చోవాలని చూస్తున్నవాళ్ల ప్రశ్నలే ఈసారి ఎక్కువ వచ్చాయి, అందుకే శీర్షిక మొత్తం వాళ్లకే ఇస్తున్నాం. కింద వేసిన ధరలు లెక్క చూపించడానికి మాత్రమే. మీ షాపులో అడిగి మీ అంకెలు పెట్టుకోండి.

పన్నెండు బొమ్మలు గీసి పెట్టుకున్నా. ఒక్కోటి వంద చొప్పున కొట్టిస్తే చవక పడుతుందని మా దోస్తు అంటున్నడు. టేబుల్ తీసుకోవడం ఇదే మొదటిసారి. ఎన్ని కొట్టించాలె?
– బీటెక్ విద్యార్థి, మిర్యాలగూడ

వంద వద్దు. ఎక్కువ కొట్టిస్తే చవక అనే మాట ఆఫ్‌సెట్ ప్రింటింగ్‌ది. పెళ్లి పత్రికలు, కరపత్రాలు వేసే ఆ పద్ధతిలో రంగుకొక ప్లేటు చొప్పున నాలుగు ప్లేట్లు చేయాలి. ఆ ఖర్చును వెయ్యి కాపీల మీద పంచితేనే ఒక్కోటి చవకవుతుంది. మీరు వెళ్లేది డిజిటల్ ప్రెస్‌కు. అక్కడ ప్లేట్లే లేవు, పదో షీటుకూ వందో షీటుకూ రేటు పెద్దగా మారదు. మారేదల్లా ఇంటికి మోసుకొచ్చే అట్టపెట్టె బరువే.

పన్నెండులో ఎనిమిది ఎంచుకోండి. ఏళ్లుగా అందరికీ తెలిసిన పాత్రలు నాలుగు, ఇప్పుడు నడుస్తున్న సిరీస్‌వి రెండు, మీకు ప్రాణమై ఇంకెవరూ గీయని పాత్రలు రెండు. ఈ చివరి రెండింటినీ చిన్నచూపు చూడకండి. ప్రసిద్ధ పాత్ర పది టేబుళ్ల మీద ఉంటుంది. మరుగున ఉన్న పాత్రను ఇష్టపడేవాళ్లు మీ టేబుల్ దగ్గర మాత్రమే ఆగుతారు, ఆగినవాళ్లు బేరమాడకుండా తీసుకుంటారు.

ఎనిమిది బొమ్మలూ ఎ4 సైజులో ఎనిమిదేసి, అంటే 64. వాటిలో బాగా వచ్చిన రెండు ఎ3లో నాలుగేసి. స్టిక్కర్లకు ఆరు డిజైన్లు, ఒక్కోదానికి ఒక షీటు. 12×18 అంగుళాల షీటులో రెండంగుళాల గుండ్రటి స్టిక్కర్లు సందు వదిలి పేరిస్తే 35 పడతాయి. మొదటిసారికి ఇంతకు మించి వద్దు.

ఇక లెక్క. ఎ4 ప్రింటు, లామినేషన్ కలిపి 35, కవరు, వెనక అట్ట 10, మొత్తం 45 రూపాయలు అనుకుందాం. 200కు అమ్మితే 155 మిగులు. స్టిక్కర్ షీటు 90, కటింగ్ 50, మొత్తం 140. దాన్ని 35తో భాగిస్తే ఒక్కోటి 4 రూపాయలు. 50కి అమ్మితే 46 మిగులు. టేబుల్ అద్దె, రానుపోను ఖర్చు, తిండి అంతా కలిపి 8,000 అనుకోండి. 30 ప్రింట్ల మిగులు 4,650, 73 స్టిక్కర్ల మిగులు 3,358. రెండూ కలిపితే 8,008. అంటే 30 ప్రింట్లు, 73 స్టిక్కర్లు పోయినప్పుడు మీరు ఆ 8,000 గట్టు దాటినట్టు. రెండు రోజుల్లో అంతమందిని ఆపగలనా అని దరఖాస్తు పెట్టకముందే ఆలోచించండి. ఆపలేననిపిస్తే టేబుల్‌ను ఇంకొకరితో సగం సగం పంచుకోండి. చాలాచోట్ల ఇద్దరికి ఒప్పుకుంటారు, కాకపోతే రెండో పేరు దరఖాస్తులోనే రాయాలి.

మీ ఈ లెక్కలో మీరు గీసిన గంటలకు కూలి పడలేదన్నది గుర్తుంచుకోండి. 155లో కొంత దానికి పోతుంది. 200 అడగడానికి మొహమాటపడే పిల్లలు చాలామంది. అడగండి.

ఫోన్‌లో మెరిసిపోయే బొమ్మ ప్రింటులో మసకగా, చీకటిగా వచ్చింది. పైగా నెత్తి మీద జుట్టు తెగిపోయింది. తప్పు నాదా, షాపుదా?
– డిగ్రీ విద్యార్థిని, నల్లగొండ

రంగు సంగతి ముందు. ఫోన్ తెర వెలుగుతో రంగు చూపిస్తుంది: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ప్రెస్ కాగితం మీద సిరా పూస్తుంది: సయాన్, మెజెంటా, పసుపు, నలుపు. వెలుగు చూపించగలిగే కొన్ని రంగులు సిరాకు అందవు. యానిమే జుట్టులో వాడే మెరుపు నీలం, రేడియం ఆకుపచ్చ, లైట్ వేసినట్టుండే గులాబీ, ముందుగా చచ్చిపోయేవి ఇవే. ఏ షాపువాడూ వాటిని తీసుకురాలేడు. క్రిటా అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, అందులో సీఎంవైకేలోకి, అంటే ఈ నాలుగు సిరాల పద్ధతిలోకి మార్చి చూస్తే ఏ రంగు చప్పబడుతుందో ఇంట్లోనే తెలుస్తుంది. చప్పబడిన చోట పక్క రంగుతో తేడా పెంచండి. నీలం మెరవకపోయినా దాని పక్కన ముదురు ఊదా ఉంటే కన్ను దాన్ని మెరుపుగానే తీసుకుంటుంది.

చీకటికి మందు ఇది. ఒక ఎ4లో బొమ్మలోని అదే ముఖాన్ని ఆరు ముక్కలుగా పేర్చండి. మొదటిది ఉన్నదున్నట్టు, తర్వాతవి 5, 10, 15, 20, 25 శాతం వెలుగు పెంచినవి. ప్రతి ముక్క కింద అంకె రాయండి. ఒక్క షీటు కొట్టించి, షాపు ట్యూబ్‌లైటు కింద కాకుండా బయట నీడలో నిలబడి చూడండి. బుగ్గ మీద ఎరుపు, కనురెప్ప గీత రెండూ విడివిడిగా కనిపించే ముక్క ఏదో చూసి ఆ అంకెనే మొత్తం ఫైలుకు పెట్టండి. ఇంకో షాపుకు మారితే ఈ పరీక్ష మళ్లీ మొదటినుంచి. ఒక షాపు అంకె ఇంకో మెషీన్‌కు పనికిరాదు.

ఇక తెగిన జుట్టు. మీరు ఫోటో స్టూడియోలో వేయించి ఉంటారు. అక్కడి సైజులు 8×12, 12×18 అంగుళాలు, అంటే 2కు 3 నిష్పత్తి. ఎ4 కొలత 210×297 మిల్లీమీటర్లు, నిష్పత్తి వేరు. ఎ4 బొమ్మను 8×12 నిండా పరిస్తే పక్కలకు రెండువైపులా దాదాపు పావు అంగుళం చొప్పున పోతుంది, అడ్డంగా గీసిన బొమ్మయితే పైనా కిందా పోతుంది. స్టూడియోకే వెళ్లాలనుకుంటే మొదటే కాన్వాస్‌ను 2400×3600 పిక్సెళ్లకు పెట్టి గీయండి. డిజిటల్ ప్రెస్‌కైతే ఎ4కు 2480×3508, ఎ3కి 3508×4961. ఇవి 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కలు. దీనికి నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు, అంటే 35 పిక్సెళ్లు, నేపథ్యం రంగును బయటికి పొడిగించండి. దాన్ని బ్లీడ్ అంటారు. కటింగ్ మెషీన్‌లో కట్ట కట్టగా కోసేటప్పుడు కాగితం ఒక మిల్లీమీటరు అటూ ఇటూ జరుగుతుంది. బ్లీడ్ లేకపోతే అంచున తెల్లగీత మిగులుతుంది. ముఖం, వేళ్లు, మీ సంతకం మాత్రం కోత గీతకు 5 మిల్లీమీటర్లు లోపలే ఉంచండి.

ఒక చిక్కుంది. బ్లీడ్ వేసిన ఎ3, 12×18 షీటు అంచుల దాకా వస్తుంది, మెషీన్ అంచు వరకు ప్రింట్ చేయలేదు. అందుకని 13×19 షీటు ఉందా అని అడగండి. దాని మీద బ్లీడ్‌తో సహా పోస్ట్‌కార్డు సైజు ఎ6లు ఎనిమిది కూడా పడతాయి. కాగితం 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల్లో బరువు) ఆర్ట్ కార్డ్, పైన మెరవని మ్యాట్ లామినేషన్. గ్లాసీ వేయిస్తే హాలులోని ఫోకస్ లైట్లు బొమ్మ మీదే మెరిసి అసలు బొమ్మ కనిపించదు.

ఇంకొకటి, ఇది ఎక్కువమంది చేసే పొరపాటు. ఫైలును వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది చిన్నదైపోయి చేరుతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లండి. చిన్న కాన్వాస్‌లో గీసిన దాన్ని తర్వాత పెద్దది చేసినా లేని వివరం రాదు, గీతలు మొద్దుబారతాయంతే.

ప్రింటు కింద అసలు సృష్టికర్త పేరు రాసి అమ్మితే చట్టపరంగా ఇబ్బంది లేదంటారు. ముప్పై శాతం మారిస్తే మనదే అవుతుందని కూడా విన్నాను. నిజమేనా?
– పాఠకుడు, మహబూబ్‌నగర్

రెండూ నిజం కాదు. మన 1957 కాపీరైట్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం బొమ్మను కాపీ చేసే హక్కు, మరో రూపంలోకి మార్చే హక్కు హక్కుదారుకే ఉన్నాయి. జపాన్‌లో పుట్టిన బొమ్మలకు కూడా 1999 నాటి అంతర్జాతీయ కాపీరైట్ ఉత్తర్వు కింద ఇక్కడ రక్షణ ఉంది. 52వ సెక్షన్ మినహాయింపులు సొంత వాడకం, విమర్శ, సమీక్ష, వార్త లాంటివాటికి, అమ్మకానికి కాదు. పేరు రాయడం మర్యాద, అనుమతి కాదు. శాతం లెక్క చట్టంలో ఎక్కడా లేదు. పాత్ర రూపురేఖలకూ కోర్టులు విలువిచ్చాయి: హిందీ కామిక్స్ హీరో నాగరాజ్‌ను పోలిన నాగేశ్ పాత్ర విషయంలో 1990ల్లో ఢిల్లీ హైకోర్టు నాగరాజ్ ప్రచురణకర్త పక్షాన ఉత్తర్వు ఇచ్చింది. ఉల్లంఘన రుజువైతే 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా దాకా ఉంది.

శైలికి మాత్రం హక్కులు లేవు. పెద్ద కళ్లు, సూదుల్లా జుట్టు, రెండు పొరల నీడ ఎవరైనా గీయవచ్చు. ఆలోచనకు కాదు, దాన్ని వ్యక్తం చేసిన తీరుకే రక్షణ అని సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో తేల్చింది.

మరి ఇన్ని టేబుళ్లు ఎలా నడుస్తున్నాయి? చాలావరకు హక్కుదారుల సహనం మీద. జపాన్‌లో అభిమానుల చిన్న పుస్తకాలను ప్రచురణకర్తలు చాలాకాలంగా చూసీచూడనట్టు వదిలేస్తున్నారు. ఆ సహనానికి హద్దు ఎక్కడుందో డోరేమాన్ సంగతి చెబుతుంది. 2005లో ఒక అభిమాని దానికి తనదైన చివరి కథ గీసి పుస్తకంగా అమ్మాడు. చూడ్డానికి అసలు పుస్తకంలాగే ఉంది, సుమారు 13 వేల కాపీలు పోయాయి. ప్రచురణ సంస్థ అభ్యంతరం పెట్టింది. 2007లో ఆయన క్షమాపణ చెప్పి, రాబడిలో కొంత చెల్లించి, మిగిలిన కాపీలను నాశనం చేయాల్సి వచ్చింది. సంఖ్య పెరగడం, అధికారిక వస్తువులా కనిపించడం, ఈ రెండూ కలిసినప్పుడే తాడు తెగింది.

అందుకని చేయాల్సినవి చెబుతాం. ప్రతి సిరీస్‌కూ, ఆటకూ అభిమానుల సృష్టి మీద నియమాలు ఉన్నాయేమో ఆ సంస్థ అధికారిక పేజీలో చూడండి. అన్నీ ఒకేలా ఉండవు. తోహో ప్రాజెక్ట్ అనే జపాన్ వీడియో గేముల సృష్టికర్త అభిమానుల పుస్తకాలను, వస్తువులను తన నియమాల మేరకు అనుమతిస్తాడు. కంప్యూటర్ గాయని పాత్ర హత్సునె మికు బొమ్మలకు దాని సంస్థ క్రిప్టన్ ఫ్యూచర్ మీడియా ఇచ్చిన క్రియేటివ్ కామన్స్ లైసెన్సు (అందరికీ ముందే ఇచ్చే అనుమతి) లాభాపేక్ష లేని వాడుకకే, దాన్ని చూపించి 200 రూపాయల ప్రింటు అమ్మడం కుదరదు. సిరీస్ పేరు, లోగో మీ వస్తువు మీద వేయకండి, అవి ట్రేడ్‌మార్కుల కిందికి వస్తాయి. ఎపిసోడ్ స్క్రీన్‌షాట్ మీద, అధికారిక పోస్టర్ మీద గీత దిద్దకండి; భంగిమ, వెలుగు, బట్టల మడతలు మీవే కావాలి. ఆన్‌లైన్‌లో ఎవరడిగితే వాళ్లకు టీషర్టు కొట్టి పంపే సైట్లలో ఫ్యాన్ ఆర్ట్ ఎక్కించకండి. తొలగించమని నోటీసు వస్తే వాదించకుండా ఆ రోజే తీసేయండి. కన్వెన్షన్ (కామిక్ కాన్ లాంటి సంత) దరఖాస్తులో హక్కుల బాధ్యత అమ్మేవాళ్లదే అనే వాక్యం ఉందేమో చూసుకోండి. ఉంటే, నోటీసు వచ్చినప్పుడు నిర్వాహకులు మీ వెనక నిలబడరు.

ఉచితంగా పంచుకోవడం కూడా చట్టం ప్రకారం చూస్తే అనుమతి అడగాల్సిన పనే. కానీ ఇంటర్నెట్‌లో ఒక బొమ్మ పెట్టినందుకు వెంటపడటం అరుదు. డబ్బు చేతులు మారినప్పుడే గొడవ మొదలయ్యేది.

మా అమ్మాయికి పదహారేళ్లు. కామిక్ కాన్‌లో టేబుల్ పెడతానంటోంది. పెట్టనివ్వొచ్చా?
– ఒక తల్లి, వనపర్తి

పెట్టనివ్వండి, కానీ పేరు మీది ఉండాలి. పద్దెనిమిది నిండనివాళ్లు చేసే ఒప్పందం మన కాంట్రాక్టు చట్టం ప్రకారం చెల్లదు, కాబట్టి దరఖాస్తు, టేబుల్ అద్దె రసీదు, డబ్బు చేరే ఖాతా మీ పేరునో వాళ్ల నాన్న పేరునో పెట్టండి. చాలా కన్వెన్షన్లు మైనర్ల పక్కన పెద్దవాళ్లు ఉండాలంటాయి. రెండు రోజులూ ఒకరు కుర్చీలో ఉండేలా చూసుకోండి. అమ్మాయి భోజనానికి, బాత్రూముకు లేవాలన్నా ఎవరో ఒకరు కావాలిగదా. గిరాకీ ఎవరైనా "సోషల్ మీడియా ఐడీ చెప్పు" అంటే బొమ్మల పేజీదే ఇవ్వాలి, సొంత ఫోన్ నంబరు కాదు. పెద్దలకు మాత్రమే అనే రకం బొమ్మలు ఏవీ ఆ టేబుల్ మీద ఉండకూడదు. చిన్నపిల్లల్లా కనిపించే పాత్రలను అసభ్యంగా గీసినవైతే ఎవరి టేబుల్ మీదా ఉండకూడదు, అది నేరాల కోవలోకి వస్తుంది.

మా ఊళ్లో ఫ్లెక్సీ షాపులో వినైల్ స్టిక్కర్లు వేయించా. రెండు రోజులకే అంచులు లేచి, లోపల బుడగలు వచ్చాయి. ఎందుకు?
– పాఠకుడు, సూర్యాపేట

ప్రింట్ అయిన వెంటనే లామినేట్ చేశారు, అందుకే. ఫ్లెక్సీ, వినైల్ మెషీన్లు చాలావరకు సాల్వెంట్ లేదా ఎకో సాల్వెంట్ సిరా వాడతాయి. ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది, కానీ లోపలి ద్రావకం ఆవిరిగా పోవడానికి కనీసం 24 గంటలు పడుతుంది. ఈలోపు పైన పొర అంటిస్తే ఆవిరి బయటికి దారి లేక బుడగలవుతుంది, జిగురును మెత్తబరచి అంచును లేపుతుంది. షీటును చుట్ట చుట్టకుండా పరిచి, ఒక రోజంతా ఫ్యాను గాలికి పెట్టి, మర్నాడు లామినేట్ చేయమని మాట తీసుకోండి. "ఇప్పుడే ఇస్తా అన్నా, అయిపోతది" అంటే ఆ షాపు వదిలేయండి.

కోత రెండు రకాలు. కిస్ కట్‌లో బొమ్మ మాత్రం కోసి వెనక కాగితాన్ని వదిలేస్తారు. డై కట్‌లో రెండూ కోస్తారు. ఒకే షీటులో చిన్నవి నాలుగైదు పెట్టాలంటే కిస్ కట్. బొమ్మ చుట్టూ 2 మిల్లీమీటర్ల తెల్ల అంచు వదిలి కోత గీత వేయండి. జుట్టు కొసల్లాంటి సూది మూలలను గుండ్రం చేయండి. ప్రతి సూది మూలా ఫోన్ వెనక అంటించిన వారానికే లేస్తుంది. అమ్మకానికి ముందు ఒక స్టిక్కర్‌ను నీళ్ల సీసాకు అంటించి రెండు రోజులు వాడి చూడండి. కాగితపు స్టిక్కరైతే కాగితమని బోర్డు మీద రాయండి, కొన్నవాళ్లు దాన్ని టిఫిన్ బాక్సుకు అంటించి కడిగాక తిట్టుకోకూడదు.

బ్యాడ్జీలు, యాక్రిలిక్ కీచెయిన్లు చేయించడానికి కొలతలు చెప్పండి.
– జడ్చర్ల

58 మిల్లీమీటర్ల బ్యాడ్జీకి కాగితం 70 మిల్లీమీటర్ల వృత్తంగా కోయాలి, మిగతాది వెనక్కి మడతలో పోతుంది. ముఖ్యమైనదంతా మధ్య 50లోనే ఉంచండి. కాగితం 80 నుంచి 100 జీఎస్‌ఎం చాలు. ఆర్ట్ కార్డ్ పెడితే మడతపడక మెషీన్ బిగుసుకుంటుంది, రేకు వంకరపోతుంది.

యాక్రిలిక్ 3 మిల్లీమీటర్ల మందం. బొమ్మ కింద తెల్ల సిరా పొర తప్పనిసరిగా వేయమనండి, లేకపోతే రంగులు గాజులా పారదర్శకమై వెలుగులో మాయమవుతాయి. రింగు కోసం రంధ్రం 3 మిల్లీమీటర్లు, దాని చుట్టూ కనీసం 3 మిల్లీమీటర్ల ప్లాస్టిక్. విరిగే కీచెయిన్లు దాదాపు అన్నీ అక్కడే విరుగుతాయి. కత్తి, కర్ర, తోక లాంటివి సన్నగా బయటికి పొడుచుకు రానివ్వకండి, వాటిని ఒంటికి దగ్గరగా మళ్లీ గీయండి. ఇది ఫైలు సర్దడం కాదు, బొమ్మనే కీచెయిన్ కోసం కొత్తగా గీయడం.

నల్లగొండ బస్సులో సామాను ఎలా తీసుకెళ్లాలి? టేబుల్ మీద ఎలా సర్దాలి? ఫోన్‌పే ఒక్కటి చాలా?
– పాఠకురాలు, దేవరకొండ

చుట్టిన ప్రింటు విప్పాక మళ్లీ చుట్టుకుంటూనే ఉంటుంది. ఎ4, ఎ3లను రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, రబ్బరు బ్యాండు కాకుండా వెడల్పు టేపు వేసి చదునుగా తీసుకెళ్లండి. రబ్బరు బ్యాండు అంచులను నొక్కి గాటు పెడుతుంది. బస్సు డిక్కీలో ఎండాకాలం వేడికి లామినేషన్ వంగుతుంది, ఒడిలోనో పైన సామాను అరలోనో పెట్టుకోండి. ఒకవైపే లామినేట్ చేసిన కాగితం వానాకాలంలో తనంతట తనే చుట్టుకుంటుంది, ఎందుకంటే పొర లేని వెనక వైపు తేమ పీల్చి సాగుతుంది. దానికి విరుగుడు కొట్టించిన రోజే పారదర్శక కవరులో అట్టతో పాటు మూసేయడం. బేగంబజార్‌లో ఈ కవర్లు కట్టల లెక్కన దొరుకుతాయి. నల్లగొండ బస్సు దిగి ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే అమీర్‌పేటలో మారి హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగవచ్చు, అక్కడి నుంచి ఆటో.

బొమ్మలను టేబుల్ మీద చదునుగా పరిచేస్తే మూడడుగుల దూరం నుంచి ఏమీ కనిపించదు. అవి నడిచేవాళ్ల కంటి ఎత్తులో ఉండాలి. రెండు ఇనుప జాలీ పలకలను మూలకు నిలబెట్టి కేబుల్ టైలతో కట్టి, బైండర్ క్లిప్పులతో ప్రింట్లు వేలాడదీయండి. పలకల కాళ్లకు నీళ్ల సీసాలు కట్టకపోతే పక్కవాళ్ల చెయ్యి తగిలి పడతాయి. ధర ప్రతి బొమ్మ కింద రాయండి. ధర అడగడానికి సిగ్గుపడి వెళ్లిపోయేవాళ్లు అడిగేవాళ్లకంటే ఎక్కువ. ప్రతి డిజైన్ ఒక్క నమూనా పైన, మిగతావి కింద అంకెలు రాసిన ఫోల్డర్లలో.

ఫోన్‌పే ఒక్కటి చాలదు. వేలమంది ఒకే హాలులో ఉంటే నెట్‌వర్క్ మొరాయిస్తుంది, కొన్ని గంటలు ఒక బ్యాంకు సర్వరే నడవకపోవచ్చు. రెండు వేరు బ్యాంకుల క్యూఆర్‌లు, రెండు వేరు కంపెనీల సిమ్‌లు. చిల్లర 10, 20, 50 నోట్లలో ఒక వెయ్యి. డబ్బు పంపిన తెర చూపిస్తే సరిపోదు, మీ ఫోన్‌లో సందేశం వచ్చాకే వస్తువు ఇవ్వండి.

బోణీ బేరాన్ని తగ్గించడానికి మనసు లాగుతుంది. ఒక్క వస్తువు మీద తగ్గించకండి, మూడు కలిపితే తగ్గించండి. మూడు స్టిక్కర్లు 120 అంటే 138 బదులు 108 మిగులుతుంది, కానీ ఒక్కటి కొనాలనుకున్న చేయి మూడు తీసుకుంటుంది. ఏది ఎన్ని పోయిందో పుస్తకంలో గీతలు పెట్టుకోండి. రెండోసారి ఎన్ని కొట్టించాలో ఆ గీతలే చెబుతాయి.

జీఎస్టీ కావాలా? బెంగళూరులో కూడా టేబుల్ దొరికేట్టుంది.
– కల్వకుర్తి

తెలంగాణలోనే అమ్మితే ఏడాది అమ్మకం 20 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రాష్ట్రం దాటితే లెక్క మారుతుంది. వేరే రాష్ట్రంలో అప్పుడప్పుడు అమ్మేవాళ్లు క్యాజువల్ టాక్సబుల్ పర్సన్‌గా కనీసం 5 రోజుల ముందు దరఖాస్తు చేసి, అంచనా పన్ను ముందే కట్టాలి. అది 90 రోజులు చెల్లుతుంది. హాలిడే టూరులా వెళ్లి అమ్ముకొస్తాననుకోకండి. విజయవాడ కొనుగోలుదారుకు పోస్టులో వస్తువు పంపడం కూడా రాష్ట్రం దాటిన అమ్మకమే. వెళ్లకముందే మీ ఊరి ఆడిటర్‌తో ఒక గంట మాట్లాడండి.

నేను గీసి పేజీలో పెట్టిన బొమ్మను ఎవరో డౌన్‌లోడ్ చేసి తమ టేబుల్ మీద అమ్ముతున్నారట. పాత్ర నాది కాదు కదా, నేను అడగలేనా?
– నాగర్‌కర్నూల్

పాత్ర మీది కాకపోయినా ఆ గీత మీరు గీసిందే. నిర్వాహకుల దగ్గరికి వెళ్లి పొరలు విడిగా ఉన్న అసలు ఫైలు, గీసిన తీరు రికార్డయిన వీడియో, మొదట పెట్టిన తేదీ మూడూ చూపించండి. ఎదురు టేబుల్‌తో మీరే గొడవకు దిగొద్దు. ఇకపై పేజీలో పెట్టేవి 1080×1350 పిక్సెళ్లకు మించకుండా పెట్టండి. తెర మీద బాగానే ఉంటాయి, ఎ4లో కొడితే మసకబారతాయి. సంతకాన్ని మూలన కాకుండా బట్టల మడతలోనో జుట్టు మీదుగానో వేయండి, మూల అయితే కత్తిరించేస్తారు.

మాది మగ్గం ఇల్లు. గద్వాల చీర అంచులు కట్టుకున్న సొంత యానిమే పాత్రలు గీస్తున్నా. ఫ్యాన్ ఆర్ట్ లేకుండా ఇవే పెడితే ఎవరైనా కొంటారా?
– పాఠకురాలు, గద్వాల

పెట్టండి. ఈ నెల ఉత్తరాలన్నిటిలో మాకు ఎక్కువ సంతోషం ఇచ్చింది ఇదే. మొదటిసారి సగం ఫ్యాన్ ఆర్ట్, సగం సొంతవి పెట్టి, తెలిసిన పాత్రల పక్కనే మీ పాత్రను అదే సైజులో, అదే ఎత్తులో వేలాడదీయండి. తెలియని పాత్రకు పేరు, ఊరు, ఒక వాక్యం కథ కావాలి. అది ప్రింటు కింద చిన్న అక్షరాలతో ఉంటే ఆగినవాళ్లు చదువుతారు. హైదరాబాద్‌కు ముందు పాలమూరు యూనివర్సిటీ, నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ కాలేజీ ఉత్సవాల్లో ఒక బల్ల అడిగి చూడండి. అంచు చూసి ఇది మన చీరే అని గుర్తుపట్టేవాళ్లు అక్కడ దొరుకుతారు.

పాత్రలు మీవైతే నేపథ్యాలకు అనుమతి ఎవరినీ అడగనక్కర్లేదు. పిల్లలమర్రి ఊడలు, పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పడే నీడ, సోమశిల దగ్గర కృష్ణ నీళ్లు. జపాన్ రుచి కావాలంటే కప్పా, కిట్సునె లాంటి పాత జానపద భూతాలు ఎవరి సొత్తూ కావు.

ఒక జాగ్రత్త. గద్వాల, నారాయణపేట చీరలకు, పోచంపల్లి ఇక్కత్‌కు, పుట్టపాక తేలియా రుమాల్‌కు జీఐ గుర్తింపు ఉంది, అంటే ఆ పేరు ఆ ఊళ్లలో తయారైన వాటికే చెందుతుంది. అంచును బొమ్మలో గీయడం వేరు, మెషీన్ మీద ప్రింట్ చేసిన గుడ్డ ముక్కకు గద్వాల అని పేరు పెట్టి అమ్మడం వేరు. రెండోది చేయకండి, అది మీ ఇంటి మగ్గానికే నష్టం.

అంచులోని గుడి బొమ్మలను స్టిక్కర్ సైజుకు దించినప్పుడు సన్నగీతలు కలిసిపోతాయి. అసలు సైజులో ఏ గీతా 0.3 మిల్లీమీటర్లకు, అంటే 300 డీపీఐలో 4 పిక్సెళ్లకు తగ్గకూడదు. చిన్నదానికి అంచు వరసలు నాలుగుంటే రెండు చేసి మళ్లీ గీయండి. సొంత పాత్రలను కాపీరైట్ ఆఫీసులో నమోదు చేయించుకోవచ్చు, తప్పనిసరి కాదు. కళాకృతికి రుసుము 500 రూపాయలు, వస్తువుల మీద వాడేదైతే 2,000. దరఖాస్తు పెట్టాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. అందుకని పెన్సిల్ చిత్తుప్రతులను కూడా తేదీ వేసి ఒక ఫైలులో దాచుకోండి.